చెయ్యి ఒప్పుకోని కొత్తదనం

క్రీ.శ. 684 ప్రాంతంలో మక్కాలో కాబాను మళ్లీ కట్టారు. ముట్టడిలో దెబ్బతిన్న ఆ కట్టడాన్ని నిలబెట్టడానికి అబ్దుల్లా ఇబ్న్ అల్-జుబైర్ పారశీక పనివాళ్లను రప్పించాడు. వాళ్లు పాటలు పాడుకుంటూ పనిచేసేవారు. వాళ్ల దగ్గర ఊద్ అనే తంత్రీవాద్యం ఉండేది. మక్కా గాయకుడు ఇబ్న్ సురైజ్ కన్ను దాని మీద పడింది. పారశీకుల ఊద్‌ను మక్కాలో అరబ్బు పాటకు మొదట వాయించింది ఇతనేనని పదో శతాబ్దపు ‘కితాబ్ అల్-అఘానీ’ చెబుతుంది. అంతకు ముందు అరబ్బుల చేతుల్లో ఉన్నది ముఖానికి తోలు బిగించిన మిజ్‌హర్ అనీ, కొత్తగా వచ్చినదాని ముఖం చెక్కదనీ సంగీత చరిత్రకారులు అంటారు. తోలు మీద మోగిన తీగకు, చెక్క మీద మోగిన తీగకు నాదంలో చాలా తేడా ఉంటుంది. ఆ రోజుల్లో మక్కాలో కొందరైనా ‘ఇదేం వాద్యం’ అని ముఖం చిట్లించే ఉంటారని నా ఊహ.

పరాయి పనివాళ్లతో వచ్చిన ఆ వస్తువే ఇప్పుడు సౌదీ అరేబియాలో సంప్రదాయానికి గుర్తు. ఆ దేశపు మహాగాయకుడు తలాల్ మద్దాహ్ 2000 ఆగస్టు 11న అభా నగరంలోని అల్-ముఫ్తాహా రంగస్థలం మీద ఊద్ పట్టుకుని పాడుతూనే ఒరిగిపోయాడు. టీవీలో ప్రత్యక్ష ప్రసారం చూస్తున్నవాళ్ల కళ్లముందే ఇది జరిగింది. మరో దిగ్గజం అబాదీ అల్-జౌహర్‌ను, తీగల మీద అతని వేళ్ల పరుగు చూసి, అభిమానులు ‘ఊద్ ఆక్టోపస్’ అంటారు. పదమూడు వందల ఏళ్లలో కొత్తది పాతదైపోయింది. అందులో ఆశ్చర్యం లేదు. కాలం అన్నిటికీ చేసేది అదే. నా ఆసక్తి వేరే చోట ఉంది. వాద్యకారులు కొన్ని మార్పులను ఒక్క తరంలోనే, మాట కూడా అనకుండా ఒప్పేసుకుంటారు. కొన్నిటిని మాత్రం శాస్త్రం ఎంత మొత్తుకున్నా దగ్గరకు రానివ్వరు. ఏవి మొదటి రకం, ఏవి రెండోది? ఊద్, గిటారు, బేస్ గిటారు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడ్డానికి సౌదీ అరేబియా కంటే మంచి చోటు దొరకదు.

ముందు ఊద్‌ను దగ్గరగా చూద్దాం. వెనక భాగం పల్చటి చెక్క బద్దలను వంచి, అంచుకు అంచు అతికించిన డొప్ప. ముఖం స్ప్రూస్ చెక్క, మందం దాదాపు 2 మిల్లీమీటర్లు. మెడ పొట్టి. దాని చివర బిరడల పెట్టె విరిగిందేమో అనిపించేటంతగా వెనక్కి వంగి ఉంటుంది. తీగలు సాధారణంగా 11: అయిదు జంటలు, ఒక ఒంటి మంద్రతీగ. వాయించడానికి రీషా అనే పొడవాటి బద్ద. ఇక ఊద్‌లో ఉన్నవాటికంటే ముఖ్యం, లేనిది: మెడ మీద ఒక్క మెట్టు కూడా ఉండదు. వయొలిన్‌లాగే నున్నటి పలక. వేలు ఎక్కడ పడితే అక్కడే స్వరం.

తీగ పొడవు 600 మిల్లీమీటర్లు అనుకుందాం. వేలు పడ్డ చోటు ఒక మిల్లీమీటరు జరిగితే శ్రుతి సుమారు 3 సెంట్లు మారుతుంది. హార్మోనియంలో పక్కపక్కన ఉన్న రెండు మెట్ల మధ్య దూరం 100 సెంట్లు. శిక్షణ పొందిన చెవి 5, 6 సెంట్ల తేడాను పసిగట్టగలదు. అంటే ఊద్ వాద్యకారుడి వేలు 2 మిల్లీమీటర్లు తప్పితే వినేవాడికి తెలిసిపోతుంది. వేలికొస వెడల్పే సెంటీమీటరు పైన ఉండగా 2 మిల్లీమీటర్ల గురి! ఏళ్ల తరబడి సాధన చేసేది ఈ గురి కోసమే.

అంత గురి ఎందుకంటే, అరబ్బు సంగీతంలో హార్మోనియం మెట్లకు అందని స్వరాలున్నాయి. ఎనిమిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో జల్జల్ అనే ఊద్ విద్వాంసుడు ఉండేవాడు. చూపుడువేలి స్వరానికీ ఉంగరపువేలి స్వరానికీ నడుమ, నడిమివేలితో అతను పలికించిన చోటుకు ‘జల్జల్ నడిమివేలు’ అని పేరే పడిపోయింది. సుమారు నూట యాభై ఏళ్ల తర్వాత అల్-ఫారాబీ దాని నిష్పత్తి కట్టి 27/22 అన్నాడు. మన 600 మిల్లీమీటర్ల తీగ మీద అది మెడ మొదటి నుంచి 111 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. మన సాధారణ గాంధారం 95 దగ్గర, అంతర గాంధారం 124 దగ్గర. జల్జల్ గాంధారం ఆ రెండింటికీ ఇంచుమించు సరిగ్గా నట్టనడుమ. జల్జల్ సంప్రదాయాన్ని కాపాడినవాడు కాదని గమనించాలి. కొత్త తరహా ఊద్‌ను కూడా రూపొందించినవాడు, అప్పటి లెక్కన ప్రయోగశీలి. ఇవాళ అతని స్వరం లేకపోతే పాట అరబ్బుల పాటే కాదంటారు. ఇంకొక విశేషం. అల్-కిందీ, అల్-ఫారాబీ తమ గ్రంథాల్లో ఊద్ మెడ మీద మెట్ల స్థానాలను లెక్కలతో సహా వివరించారు. ఇప్పటి ఊద్‌కు మెట్లు లేవు. అంటే మెట్లు లేకపోవడం కూడా తొలినాటి నియమమేమీ కాదు.

ఇక గిటారు. దాని మెట్ల, అంటే ఫ్రెట్ల, వెనక ఉన్నది ఒకే ఒక్క సంఖ్య, రెండుకు పన్నెండో మూలం, 1.0595. ప్రతి ఫ్రెట్ దగ్గరా మిగిలిన తీగ పొడవును ఈ సంఖ్యతో భాగిస్తూ పోతే చాలు. ఫెండర్ కంపెనీ గిటారు మీద తీగ పొడవు సుమారు 648 మిల్లీమీటర్లు. మొదటి ఫ్రెట్ 36 మిల్లీమీటర్ల దగ్గర, రెండోది 71 దగ్గర వస్తాయి. అరబ్బు సంగీతంలో బయాతీ అనే మకామ్ ఉంది. మకామ్ అంటే సుమారుగా మన రాగం. బయాతీలో ఆధార షడ్జం నుంచి రెండో స్వరం 150 సెంట్ల ఎత్తున ఉంటుంది. గిటారు మీద దాని చోటు 54 మిల్లీమీటర్ల దగ్గర. అక్కడ ఫ్రెట్ లేదు, ఒట్టి చెక్క. అక్కడ వేలు నొక్కినా తీగ ముందున్న ఫ్రెట్ మీదే ఆగి 71 దగ్గరి స్వరాన్నే పలుకుతుంది.

అలాగని గిటారుకు అరబ్బు సంగీతంలో చోటే లేదనుకోకూడదు. ఇలా రెండు మెట్ల నడుమ పడే పావుస్వరాలు మకామ్‌లన్నిటిలో ఉండవు. సౌదీ పడమటి తీరానికి హిజాజ్ అని పేరు. మక్కా, మదీనా, జెద్దా అక్కడివే. ఆ పేరుతోనే ఉన్న హిజాజ్ మకామ్‌లో మొదటి నాలుగు స్వరాలు మన పిల్లలు సరళీ స్వరాల్లో పాడే మాయామాళవగౌళ మొదటి నాలుగు స్వరాలే: షడ్జం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం. జాగ్రత్తగా వింటే అరబ్బు గాయకులు రి, గ ల మధ్య దూరాన్ని కొంచెం తగ్గించి పాడతారు, కానీ గిటారుతో పని జరిగిపోతుంది. కుర్ద్ అనే మకామ్ మన హనుమతోడి స్వరాల వరస. అందులో గిటారుకు ఏ ఇబ్బందీ లేదు. 1964లో ఈజిప్టు స్వరకర్త మొహమ్మద్ అబ్దుల్ వహాబ్ ఉమ్ కుల్సూమ్ చేత ‘ఇంత ఉమ్రీ’ పాడించినప్పుడు వాద్యబృందంలో ఎలక్ట్రిక్ గిటారును కూర్చోబెట్టాడు. ఆ పాట కుర్ద్‌లో ఉంది. గిటారు అరబ్బు ఇంట్లోకి ఎదురులేని గుమ్మం చూసుకుని అడుగుపెట్టింది.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక సందేహం రావాలి. మన వీణకూ మెట్లున్నాయి కదా, మరి గమకాలన్నీ ఎలా పలుకుతున్నాయి? వీణకు స్థాయికి 12 చొప్పున 24 మెట్లు మైనం మీద నిలిపే పద్ధతి పదిహేడో శతాబ్దపు తంజావూరు రాజు రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందంటారు. మెట్టు మీద తీగను పక్కకు లాగితే బిగువు పెరిగి స్వరం పైకి పోతుంది. పావుస్వరం పైకి పోవాలంటే బిగువు దాదాపు 6 శాతం పెరగాలి. వీణ తీగ పొడుగు, బిగువు తక్కువ, మెట్లు ఎత్తు. అందుకే వేలు సులువుగా లాగుతుంది. ఈ సూత్రాన్నే గిటారుకు పట్టించడానికి జాన్ మెక్‌లాఫ్లిన్ ‘శక్తి’ బృందం రోజుల్లో ఫ్రెట్ల నడుమ చెక్కను లోతుగా తొలిపించుకున్నాడు. మన పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్ మరో దారి పట్టాడు. నాలుగు జంట తీగల మాండొలిన్‌ను వదిలి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నాడు. జంట తీగలను ఒకేసారి సమంగా లాగడం కష్టం. పైగా ఎలక్ట్రిక్ వాద్యంలో నాదం ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి గమకానికి వ్యవధి దొరుకుతుంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొమ్మిదేళ్ల పిల్లవాడు వాయిస్తే, ఇది కర్ణాటక వాద్యమేనా అన్న ప్రశ్న ఆ తర్వాత కొన్నేళ్లకే పాతబడిపోయింది.

తీగను పక్కకు లాగే ఈ చిట్కా అరబ్బు గిటారిస్టులకూ తెలుసు. కానీ లాగుడు స్వరాన్ని పైకే తీసుకుపోతుంది. పైగా అరబ్బు పాటలో ఆ పావుస్వరం చాలాసార్లు ఊగకుండా స్థిరంగా నిలబడాలి. వేగంగా పోయే స్వరాల వరసలో ప్రతిసారీ కచ్చితంగా 6 శాతమే లాగడం ఒక గారడీ. అందుకే తుర్కియే గిటారిస్టు ఎర్కాన్ ఒగూర్ 1976లో గిటారు ఫ్రెట్లన్నీ పీకేశాడు. అంతకంటే సుఖమైన మార్గం లేదనిపిస్తుంది, కానీ భౌతికశాస్త్రం ఊరుకోదు. లోహపు ఫ్రెట్ మీద ఆనిన తీగ చాలాసేపు మోగుతుంది. మెత్తని వేలికొస మీద ఆనిన తీగ శక్తిని ఆ కండే మింగేస్తుంది, స్వరం త్వరగా అణిగిపోతుంది. పైగా గిటారు అంటే కార్డులు. మూడు నాలుగు వేళ్లు ఒకేసారి మిల్లీమీటరు గురితో పడాలంటే బ్రహ్మవిద్యే.

ఈ రెండు చిక్కులూ బేస్ గిటారుకు దాదాపు లేవు. తీగలు లావు, బరువు. వాటిలో నిలవ ఉండే శక్తి ఎక్కువ, కాబట్టి వేలు కొంత మింగినా నాదం నిలుస్తుంది. కార్డులతో పని తక్కువ. తీగ పొడవు 864 మిల్లీమీటర్లు కాబట్టి వేలు మిల్లీమీటరు తప్పితే పోయేది 2 సెంట్లే. చరిత్ర చూడండి, సరదాగా ఉంటుంది. 1951లో లియో ఫెండర్ తన బేస్‌ను ‘ప్రెసిషన్’ అని అమ్మాడు. ఫ్రెట్లున్నాయి కాబట్టి డబుల్ బేస్‌లా తడుముకోనక్కర్లేదు, ఎవరైనా కచ్చితంగా వాయించొచ్చు అన్నది ఆ పేరులోని ఆకర్షణ. పదేళ్లకే, 1961లో, బేస్ వాద్యకారుడు బిల్ వైమన్ తన బేస్ ఫ్రెట్లు ఊడదీశాడు. 1966లో ఆంపెగ్ కంపెనీ ఫ్రెట్లు లేని బేస్‌ను ఫ్యాక్టరీలోనే తయారుచేసి అమ్మింది. తర్వాత జాకో పాస్టోరియస్ వచ్చాడు. తన 1962 నాటి జాజ్ బేస్‌కు ఫ్రెట్లు పీకి, సందులు పూడ్చి, పలక మీద పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు. 1976లో అతని తొలి ఆల్బం వచ్చాక ప్రపంచమంతా ఫ్రెట్‌లెస్ పిచ్చి పట్టుకుంది. కొత్తదనంగా అమ్ముడుపోయింది డబుల్ బేస్ వందల ఏళ్లుగా చేస్తున్నదే.

అరబ్బు పాటకు బేస్ ఎలా కుదురుతుందో ఇప్పుడు ఊహించవచ్చు. ఫ్రెట్లున్న మామూలు బేస్ కూడా చాలా పాటల్లో ఇబ్బంది పడదు. రాస్త్ మకామ్‌లో పావుస్వరాలు మూడో చోటా ఏడో చోటా ఉంటాయి. బేస్ పని ఎక్కువగా షడ్జ పంచమాల మీదే కాబట్టి వాటి జోలికి పోకుండా తప్పించుకుంటుంది. బయాతీలోనూ అంతే. అసలు పరీక్ష సీకా మకామ్‌లో. అక్కడ ఆధార షడ్జమే పావుస్వరం మీద కూర్చుంటుంది. బేస్ వాద్యకారుడు ఆ ఒక్క తీగను శ్రుతి దించుకోవాలి, లేదా ఫ్రెట్‌లెస్ పట్టుకోవాలి. మంద్రస్వరాల శ్రుతిని మన చెవి సూటిగా పట్టలేదు, కాస్త తేడా ఉంటే ఏమైంది అనుకుంటే పొరపాటు. ఆ మంద్రస్వరం వెనక హార్మోనిక్స్ పై స్థాయిల్లో మోగుతూనే ఉంటాయి, ఊద్‌తో కలిసేసరికి కరకరమంటాయి.

బేస్ వాళ్లు గిటారిస్టుల కంటే మార్పుకు త్వరగా లొంగుతారన్నది సంగీత పరికరాల దుకాణాల్లో పాతమాట. నాకూ నిజమనే అనిపిస్తుంది. ఫ్రెట్‌లెస్ సరే. బ్యాటరీతో నడిచే యాక్టివ్ సర్క్యూట్లు, అయిదు తీగలు, ఆరు తీగలు, కార్బన్-గ్రాఫైట్ మెడలు బేస్‌లో మామూలైపోయాయి. నెడ్ స్టైన్‌బర్గర్ 1980 ప్రాంతంలో తలకట్టే లేని, పూర్తిగా గ్రాఫైట్ మిశ్రమంతో చేసిన బేస్ తెచ్చినప్పుడు ఆ దశాబ్దమంతా దాన్ని వేదికల మీద గర్వంగా ఊపారు. బేస్ గిటారుకు పూజించుకోవడానికి ముత్తాతలు లేరు. పుట్టిందే నిన్నకాక మొన్న. గిటారుకు మాత్రం 1950ల నాటి ఫెండర్, గిబ్సన్ నమూనాలు ఇంచుమించు దేవతామూర్తులు. కొలత మార్చితే అపచారం.

ఆ అపచారం ఫలితం గిబ్సన్ కంపెనీకే తెలుసు. 2015లో వాళ్ల అమెరికన్ గిటార్లలో చాలావాటికి మోటారుతో దానంతటదే శ్రుతి చేసుకునే పరికరాన్ని తప్పనిసరిగా బిగించారు. మెడ కొంచెం వెడల్పు చేశారు. మెడ మొదట్లో తీగలు ఆనే బద్దను ఇత్తడిది చేశారు. ధరలు పెంచారు. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే ఒక్కటీ పిచ్చిపని కాదు. కొనేవాళ్లు మాత్రం ముఖం తిప్పుకున్నారు. మరుసటి ఏడాదే కంపెనీ వెనక్కి తగ్గి ‘ట్రెడిషనల్’, ‘హై పెర్ఫార్మెన్స్’ అని రెండు వరసలు పెట్టి, పాతది కావలసినవాళ్లకు పాతదే ఇచ్చింది.

గిటారిస్టును అడిగితే ‘నాదం పాడైంది’ అంటాడు. ఈ మాటను పరీక్షించవచ్చు, పరీక్షించారు కూడా. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరు అకూస్టిక్ గిటార్లు చేయించారు. అన్నీ ఒకే నమూనా. వెనక పలక, పక్క పలకల చెక్క మాత్రం వేరు వేరు: బ్రెజిల్ రోజ్‌వుడ్, మన జిట్రేగి, మహాగని, మేపుల్, సపేలే, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులకు వెల్డింగ్ కళ్లద్దాలు తగిలించి, మసక వెలుతురులో చేతికిచ్చారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం ఏ చెక్కా నాదంలో మిగతావాటికంటే పైచెయ్యి అనిపించుకోలేదు, ఏది ఏదో నమ్మకంగా గుర్తుపట్టలేకపోయారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ ఒప్పందం కింద వ్యాపారం నిషిద్ధమైన చెక్క. దానితో చేసిన పాత గిటార్లకు లక్షలు పోస్తారు. అంతకు ముందే క్లోడియా ఫ్రిట్జ్ బృందం స్ట్రాడివారి వయొలిన్ల మీద చేసిన పరీక్షల్లోనూ కళ్లు మూసుకున్న విద్వాంసులు కొత్త వయొలిన్లనే ఎక్కువ మెచ్చుకున్నారు.

దీన్నిబట్టి వాద్యకారులు అబద్ధాలాడతారని తేల్చేవాళ్లున్నారు. నేను అలా అనను. ముట్టుకోవడం, చూడడం, వినడం మెదడులో విడివిడి గదుల్లో జరగవు. వాద్యకారుడికి వాద్యం బయటి వస్తువు కాదు. పదేళ్ల సాధనలో మెడ వెడల్పు, తీగ బిగువు, ఒంటికి ఆనే అంచు, బిరడను ఎంత తిప్పితే ఎంత కదులుతుందన్న లెక్క, ఇవన్నీ వేళ్లు కంఠస్థం చేసేశాయి. ఆ లెక్క ఒక్క మిల్లీమీటరు తప్పినా చెయ్యి తడబడుతుంది. తడబడిన వాయింపు చెవికి బాగుండదు. అంటే ఫిర్యాదు నిజమే, ఫిర్యాదు చేస్తున్నది మాత్రం చెవి కాదు, చెయ్యి.

ఈ కొలబద్దతో ఊద్ దగ్గరకు తిరిగి వెళితే చిక్కుముడి విడుతుంది. ఊద్ తీగలు ఒకప్పుడు జంతువుల పేగుతోనూ పట్టుతోనూ చేసేవారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ గిటారుకు నైలాన్ తీగలు చేశాడు. ఊద్ ప్రపంచం కూడా నైలాన్‌కు మారిపోయింది. అంతకంటే పెద్ద మార్పు నాదంలో ఇంకేం ఉంటుంది? అయినా పెద్దగా గొడవ లేదు. వేలికి తీగ తీగలాగే ఉంది, తెగడం తగ్గింది, తేమకు శ్రుతి మారడం తగ్గింది. ముఖం పలక లోపల పికప్ అతికించి స్పీకర్‌కు కలపడమూ అంతే. ఇరాక్‌లో మునీర్ బషీర్, వాద్యశిల్పి మొహమ్మద్ ఫాదెల్ కలిసి తీగల గుర్రాన్ని ముఖం మీద అతికించకుండా వదులుగా నిలిపి, తీగలను వాద్యం అడుగు అంచుకు కట్టారు. ముఖం మీద లాగుడు పోయి నాదానికి కొత్త మెరుపు వచ్చింది. అది ఒక బడిగానే స్థిరపడింది. వీటిలో ఏదీ చేతి లెక్కను చెరపలేదు. బిరడల సంగతి చూడండి. గిటారుకున్నట్టు పళ్లచక్రాల బిరడలు పెడితే ఊద్ శ్రుతి చెయ్యడం ఎంతో సులువు. కానీ ఊద్ మీద చెక్కలో చెక్క బిగిసి నిలిచే పాత బిరడలే రాజ్యమేలుతున్నాయి. చక్రాలు రావాలంటే మారువేషం వెయ్యాల్సి వచ్చింది. పైకి చెక్క బిరడలా కనబడుతూ కాడలో సన్నటి పళ్లచక్రాలు దాచుకున్న రకం ఒకటి ముందు వయొలిన్‌కు, తర్వాత ఊద్‌కు వచ్చింది.

కీబోర్డు కథ కూడా ఇదే చెబుతుంది. యమహా, కోర్గ్ కంపెనీలు అరబ్బు మార్కెట్ కోసం చేసే కీబోర్డుల్లో ఏ స్వరం మెట్టునైనా ఒక్క మీట నొక్కి పావుస్వరం దించుకోవచ్చు. మెట్లు అవే, దూరాలు అవే, వేళ్లకు కొత్త పాఠం లేదు. మార్పంతా లోపలి లెక్కలో జరిగింది. గల్ఫ్ పెళ్లివేదికల మీద గిటారు అతిథిగానే ఉండగా కీబోర్డు ఇంటిమనిషి అయిపోవడానికి ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం.

అన్ని వాదాలూ చేతితో తేలవులెండి. 1932లో ఈజిప్టు రాజు ఫువాద్ కైరోలో అరబ్బు సంగీత మహాసభ జరిపించాడు. హంగేరీ నుంచి బేలా బార్తోక్, జర్మనీ నుంచి కర్ట్ సాక్స్, పాల్ హిండెమిత్ వచ్చారు. పియానోలాంటి ఐరోపా వాద్యాలను అరబ్బు సంగీతంలోకి రానివ్వాలా వద్దా అని వాద్యాల సంఘం రెండుగా చీలిపోయింది. రానివ్వాలన్నవాళ్లలో ఎక్కువమంది ఈజిప్షియన్లు, వద్దన్నవాళ్లు ఐరోపా పండితులు! ఇంటివాళ్లకు కావలసింది ఆధునికత, చూడవచ్చినవాళ్లకు కావలసింది అచ్చమైన తూర్పు. స్వరస్థానాల సంఘం కూడా స్థాయిని 24 సమభాగాలు చెయ్యాలా వద్దా అని తేల్చుకోలేకపోయింది. తేలకపోవడమే మంచిదైంది. బయాతీలోని ఆ పావుస్వరం రాస్త్‌లోని పావుస్వరం కంటే కొంచెం కిందికి ఉంటుంది, ఊరిని బట్టి కూడా మారుతుంది.

సౌదీ అరేబియాకు ఈ వాదాలు ఆలస్యంగా, మరో రూపంలో చేరాయి. తాయిఫ్ ప్రాంతంవాడు, సైన్యాధికారి తారిఖ్ అబ్దుల్ హకీమ్ 1950లలో ఈజిప్టులో సంగీతం చదివి వచ్చి సైనిక సంగీతానికి పాఠశాల నెలకొల్పాడు. హిజాజ్ జానపద బాణీలను బ్యాండు వాద్యాల మీదికి ఎక్కించినవారిలో ముందువాడు అతను. తర్వాతి దశాబ్దాల్లో మతపరమైన అభ్యంతరాల వల్ల బహిరంగ కచేరీలు అరుదైపోయాయి. పాట మాత్రం పెళ్లిళ్లలో, క్యాసెట్లలో, ఇళ్ల మజ్లిస్‌లలో బతికింది. ఖతీఫ్‌లో ‘క్రియేటివ్ వేస్ట్’ అనే కుర్రాళ్ల మెటల్ బృందం 2002లోనే మొదలైంది. ‘అల్-నమ్రూద్’ అనే మరో బృందం సభ్యులు తమ పేర్లు బయటపెట్టకుండానే గిటారు గర్జనకు అరబ్బు వాద్యాలను జతచేసి రికార్డులు విడుదల చేశారు. 2017 జనవరిలో సౌదీ గాయకుడు మొహమ్మద్ అబ్దూ జెద్దాలో పాడినప్పుడు, అక్కడ ఏళ్ల తర్వాత జరిగిన పెద్ద కచేరీ అని పత్రికలు రాశాయి. 2019 డిసెంబరులో రియాద్‌లో ‘సౌండ్‌స్టార్మ్’ ఉత్సవం మొదలైంది. 2020లో సంగీతానికి ప్రభుత్వ కమిషన్ ఏర్పడింది. 2024 డిసెంబరులో యునెస్కో ఈజిప్టు, సౌదీల ఉమ్మడి వారసత్వంగా సిమ్‌సిమియ్యాను గుర్తించింది. ఎర్రసముద్రపు ఒడ్డున యాన్బులో జాలర్లు, నావికులు వాయించే చిన్న వాద్యం అది. ఒక్కో స్వరానికి ఒక్కో తీగ, కాబట్టి మెట్ల తగువు లేదు. పాటకు ముందు మకామ్‌కు తగ్గట్టు తీగలు సవరించుకుంటే సరి. ఇప్పుడు ఆ వారసత్వ వాద్యం మీద మోగేవి ఉక్కు తీగలే, ఎవరికీ పట్టింపు లేదు.

చెక్క వాద్యాలకు ఈ దేశంలో అసలు శత్రువు వాతావరణం. చెక్క గాలిలోని తేమను పీల్చి, విడిచి, దానికి తగ్గట్టు ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. గిటారు తయారుచేసే గదుల్లో గాలి తేమ 50 శాతం దగ్గర ఉంచుతారు. ఆ గాలిలో స్ప్రూస్ చెక్కలో తేమ దాని బరువులో 9 శాతం ఉంటుంది. రియాద్‌లో జూన్ నెల సగటు గాలి తేమ 15 శాతం కూడా దాటదు. అక్కడ కొన్ని వారాలుంటే చెక్కలో తేమ మూడున్నర శాతానికి దిగుతుంది. ఒక్కో శాతానికి స్ప్రూస్ పలక అడ్డంగా 0.14 శాతం ముడుచుకుంటుందని లెక్కేస్తే, 40 సెంటీమీటర్ల వెడల్పున్న గిటారు ముఖం 3 మిల్లీమీటర్లు తగ్గాలి. చుట్టూ జిగురుతో బిగించి ఉంది కాబట్టి తగ్గడానికి చోటు లేదు. అందుకని పగులుతుంది. అదే గిటారు జెద్దా తీరానికి వెళితే సముద్రపు తేమకు ముఖం ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. ఎండలో ఆపిన కారు డిక్కీలో వదిలేస్తే వేడికి జిగురు మెత్తబడుతుంది. హవాయి దీవుల్లో మొదలైన రెయిన్‌సాంగ్ కంపెనీ కార్బన్ ఫైబర్ గిటార్లు చేసింది ఇలాంటి బాధ వల్లే. కార్బన్‌కు తేమతో సంబంధం లేదు. రియాద్‌లో ఉండేవాడికి ఇంతకంటే ఏం కావాలి? అయినా చాలామంది చెక్క గిటారే కొని, పెట్టెలో తేమ సంచీ పెట్టుకుని, వారానికోసారి దాన్ని తడుపుతూ కాపురం చేస్తారు. 1966లో హెలికాప్టర్లు చేసే చార్ల్స్ కామన్ ఫైబర్‌గ్లాస్ డొప్పతో ఓవేషన్ గిటారు తెచ్చినప్పుడు ‘గుండ్రటి వీపు ఒళ్లో జారిపోతోంది’ అని గిటారిస్టులు గోలపెట్టారు. గుండ్రటి వీపున్న ఊద్‌ను మాత్రం వందల ఏళ్లుగా ఒళ్లో పెట్టుకునే వాయిస్తున్నారు. ఎవరి ఒడి దేనికి అలవాటు పడిందన్నదే తేడా.

అలవాటు పడని చేతులూ ఉంటాయి, చిన్నపిల్లలవి. ఇస్తాంబుల్ గిటారిస్టు తోల్గహాన్ చోగులు 2008లో ఫ్రెట్లు జరుపుకునే గిటారు ఒకటి రూపొందించాడు. ప్రతి తీగ కింద ఫ్రెట్ ముక్కలు విడివిడిగా గాడిలో కదులుతాయి. కావలసిన చోట కొత్త ముక్క దోపవచ్చు, అక్కర్లేనిది తీసేయవచ్చు. పనితనం గొప్పది, ఖరీదూ గొప్పదే. కొన్నేళ్ల తర్వాత అతని చిన్న కొడుకు ఆ గిటారుకు లెగో ముక్కలతో నమూనా కట్టాడు. తండ్రికి అందులో ఆట కాక పరిష్కారం కనబడింది. ఒక ఇంజనీరు సాయంతో త్రీడీ ప్రింటర్‌లో అచ్చులు పోయించి, నిజమైన గిటారు మెడ మీద లెగో పలక పరిచి, దాని మీద ఫ్రెట్ ముక్కలు గుచ్చారు. సౌదీలో ఇప్పుడిప్పుడే తెరుచుకుంటున్న సంగీత శిక్షణాలయాల్లో ఏడెనిమిదేళ్ల పిల్లలకు మొదటి రోజే అలాంటి గిటారు ఇస్తే, ఒక తీగ కింద 54 మిల్లీమీటర్ల దగ్గర ముక్క గుచ్చుకుని బయాతీ వాయిస్తారు, రాస్త్ కావాలంటే ఆ ముక్కను కాస్త పైకి జరుపుకుంటారు.